నాటిన చెయ్యి

మొన్న వంటింటి కిటికీకి అడ్డం పడుతున్న మనోరంజితం తీగను కాస్త కత్తిరించమని మా ఆయనను అడిగాను. పేపరులోంచి తల ఎత్తకుండానే, నీకేం చేతులు లేవా అన్నాడు. చేతులున్నాయి, కానీ మొక్క నాటింది మీరు, మొదటి కోత మీరే కొయ్యాలి అన్నాను. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. ఏర్పేడు రోడ్డు పక్క నర్సరీలో కొన్న మొక్కకు కూడా ఆచారం పెట్టావా అని నవ్వాడు. నవ్వితే నవ్వాడు గానీ లేచి వెళ్ళి కోశాడు. కత్తెర చప్పుడు విన్నాకే నేను పొయ్యి వెలిగించాను.

ఈ పిచ్చి నాకు చిన్నప్పుడు ఉండేది. పెళ్ళినాటికి పూర్తిగా వదిలింది. పోయినేడు మళ్ళీ పట్టుకుంది, ఇక వదలదు. ఎందుకని ఆయన అడగలేదు, అడిగినా చెప్పేదాన్ని కాదు. నవ్వడానికి ఒక మనిషి ఇంట్లో తయారుగా ఉన్నప్పుడు చెప్పడం కంటే రాసుకోవడం మేలు.

మాది నగరిలో నేతపని వాళ్ళ వీధి. పొద్దున కోడి కంటే ముందు మగ్గాలు లేచేవి. వీధంతా గంజి వాసన. నూలుకు పట్టించే ఆ గంజి, పులిసీ పులవని ఆ వాసన ఎంతగా అంటుకునేదంటే, బయటి ఊళ్ళో పెళ్ళికి పోతే మా బట్టలను బట్టే మేం ఏ వీధివాళ్ళమో కనిపెట్టేవాళ్ళు. మా ఇంటి ముందు తిన్నె, లోపల వసారా, ఆ వెనక మగ్గం గది. గుంటలో కాళ్ళు పెట్టుకుని నాయన నేసేవాడు. ఆ గదికి ఒకటే కిటికీ. కిటికీ అవతల దొడ్డి. దొడ్డికి ఆ చివర బావి, బావి వెనక సందులోకి తెరుచుకునే తలుపు. కిటికీ పక్కన మొదలై, వెదురు పందిరి మీదుగా బావి దాకా, ఆ తలుపు దాకా పరుచుకుని ఉండేది మనోరంజితం.

చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. తీగ అన్నాను గదా అని సన్నజాజిలా నాజూగ్గా ఉంటుందనుకోకండి. దాని మొదలు మనిషి చెయ్యంత లావు. ఏ కాలంలోనూ ఆకు రాల్చి బోడిగా నిలబడదు. నడి ఎండల్లో కూడా నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. పువ్వు ఆకు రంగులోనే పూస్తుంది, ముదిరితేనే పసుపు తిరుగుతుంది. అందుకని వాసన ఇల్లంతా వస్తుంది గానీ పువ్వు ఎక్కడుందో కంటికి ఆనదు. పువ్వు కాడకు ఒక కొక్కెం ఉంటుంది. ఆ కొక్కేలతో దొరికినదాన్నల్లా పట్టుకుని పైకి పాకుతుంది. ఏ పండును తలుచుకుని వాసన చూస్తే ఆ పండు వాసన ఇస్తుందని మా వైపు అందరూ నమ్మేవాళ్ళు.

నాకది మంచి ఆట. బడికి ఒక పువ్వు తీసుకుపోయి గుప్పిట్లో దాచి, ఒకదాన్ని పనసపండు తలుచుకోమని, ఇంకొకదాన్ని అరటిపండు తలుచుకోమని చెప్పి, ఇద్దరికీ తగవు పెట్టేదాన్ని. ఒకసారి అయ్యవారి సంచిలో వేశాను. పాపం ఆయన పొద్దంతా సంచి విప్పి విప్పి చూసుకున్నాడు, తాను పెట్టుకోని మామిడిపండు కోసం. ఇంటికి వచ్చి సంగటి ముద్దలో ఊరుబిండి నంజుకుంటూ ఈ సంగతి చెబితే అమ్మకు నవ్వి నవ్వి పొలమారింది. అవ్వ మాత్రం నవ్వలేదు. ఆ పువ్వుతో ఆటలు వద్దని చెప్పి చెయ్యి కడుక్కుని లేచిపోయింది.

అవ్వ అంటే మా నాయనను కన్నతల్లి. ఆమెకు ఇద్దరు కొడుకులు. చిన్నవాడు, అంటే మా చిన్నాయన, నాటిందే ఆ తీగ. పెళ్ళయిన కొత్తలో, చిన్నమ్మకు ఆ పువ్వంటే ఇష్టమని అరక్కోణం నుంచి మొక్క తెచ్చి నాటాడు. ఏటా ఆడి నెలలో, ఆషాఢం వానలకు ముందు, తనే కోసేవాడు. చిన్నమ్మ నిచ్చెన పట్టుకునేది. కోత ఏటవాలుగా పడాలి, లేకపోతే నీళ్ళు నిలిచి కుళ్ళుతుంది. కణుపుకు పైన వేలెడు వదలాలి. లావు కొమ్మయితే కోసిన చోట పేడ మెత్తాలి. పై నుంచి ఇవన్నీ చిన్నమ్మకు చెబుతూ కోసేవాడు. ఆయన ముఖం నాకు సరిగా గుర్తు లేదు. నిచ్చెన మీద నిలబడిన కాళ్ళు, కింద రాలిన ఆకు, పైకి చూసి నవ్వే చిన్నమ్మ, ఇంతే గుర్తు.

ఆయన ఒక పొద్దున ఇల్లు వదిలి పోయాడు. మా ఊళ్ళోకి అప్పుడప్పుడే కరెంటు మగ్గాలు దిగుతున్నాయి. మనమూ ఒకటి పెడదామని ఆయన, వద్దని నాయన. మాటా మాటా పెరిగింది. పోయినవాడు శ్రీహరికోట వైపు కూలికి పోయాడని ఒకరు, మద్రాసులో కనిపించాడని ఒకరు, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. నాయన అన్ని చోట్లా తిరిగి చెప్పులు అరగదీసుకుని వచ్చాడు. మనిషి జాడ దొరకలేదు. అలాగే ఏళ్ళు గడిచాయి.

అవ్వ పుట్టింటివాళ్ళది ఆర్కాడు వైపు. వాళ్ళకొక పట్టింపు ఉండేది. ఇంట్లో పెంచుకున్న పూలతీగకు, నాటిన చెయ్యే ఏటా మొదటి కోత కొయ్యాలి. నాటినవాడు పోతే అతనికి కర్మ చేసినవాడు కొయ్యాలి. ఇంకెవరు కత్తి పెట్టినా, నాటిన మనిషి ఇక లేడని ఇంటివాళ్ళే ఒప్పుకున్నట్టు. వీధిలో వేరే ఎవరికీ ఈ పట్టింపు లేదు. కానీ మా ఇంట్లో అవ్వ మాటే మాట. చిన్నాయన ఇల్లు వదిలిన నాటి నుంచి ఆ తీగ మీద కత్తి పడలేదు.

అది పెరిగింది. మొదట పందిరి కనిపించకుండా పోయింది, తర్వాత బావి వెనకున్న తలుపు. ఆ తర్వాత మగ్గం గది పెంకుల మీదికి ఎక్కి, కిటికీని మూసేసింది. పట్టపగలు గదిలోకి పోతే ఆకుపచ్చటి చీకటి. నాయన మిట్టమధ్యాహ్నం దీపం పెట్టుకుని నేసేవాడు. దీపం వెలుగులో రంగుల తేడా తెలియక ఒక చీర అంచు తప్పింది, కొట్టువాళ్ళు వెనక్కి పంపారు. పెంకుల మీద ఎప్పుడూ ఏదో బరబరా గీస్తున్న చప్పుడు. ఉడతలు అనేది అమ్మ. మాకు ఉడతలు తెలియవా ఏంటి, అవి అలా నిదానంగా గీయవు.

ఒక పొద్దున నాయన మగ్గంలోకి దిగబోయి ఆగిపోయాడు. కిటికీ చువ్వల మధ్య నుంచి ఒక కొమ్మ లోపలికి వచ్చి పడుగు మీద, పరిచిన నూలు పోగుల మీద, పడుకుని ఉంది. దాని కొక్కెం ఒక పోగును పట్టుకుని ఉంది. ముందురోజు సాయంత్రం ఆ దీపం పట్టుకుని నిలబడింది నేనే. అప్పుడు అక్కడ కొమ్మ లేదు. నాయన దాన్ని చాలాసేపు చూశాడు. తాకలేదు. చూరులో ఉన్న కొడవలి తీసుకుని అవ్వను పిలిచాడు. తనకు ఇక పోగులు కనపడడం లేదని, కోసేస్తానని, గొంతు తగ్గించి చెప్పాడు.

"కొయ్యి నాయనా" అంది అవ్వ. "కోసి, బావి కాడ తానం చేసి, నీ తమ్ముడికి పిండం పెట్టేసి రా."

నాయన కొడవలిని మళ్ళీ చూరులో దోపేశాడు. పోగును కొక్కెం నుంచి గోటితో విడిపించి, కొమ్మను కిటికీ బయటికి నెట్టి, దీపం వెలిగించుకున్నాడు.

ఆ కిటికీ కింద కూర్చునే చిన్నమ్మ రాట్నం మీద కండెలు చుట్టేది. నూలును చిన్న పుల్లలకు చుట్టి ఇస్తే అవి నాడెలో పెట్టి నాయన నేసేవాడు. పొద్దున కూర్చుంటే దీపాల వేళకు లేచేది. నాకు అప్పుడు పెద్దమనిషిలా కనిపించేది గానీ, ఇప్పుడు తలుచుకుంటే మా చిన్న కోడలి వయసు కూడా లేదు. చువ్వల్లోంచి వచ్చే కొక్కేలు ఆమె జడను పట్టుకునేవి. లేవబోతే వెనక్కి లాగేవి. అది చూసినప్పుడల్లా అవ్వ ఒకటే మాట అనేది, వాడు నిన్ను వదల్డు అని. ప్రేమగానే అనేది, అదే భయం. చిన్నమ్మ ఒక్కొక్క వెంట్రుకే విడిపించుకునేది. నేను సాయం పోయేదాన్ని. ఎండాకాలంలో కూడా ఆమె వేళ్ళు చల్లగా ఉండేవి.

ఆమె పుట్టిల్లు పూతలపట్టు. అన్న అప్పుడప్పుడు వేరుశనక్కాయల మూట భుజాన వేసుకుని వచ్చేవాడు. తిన్నె మీద కూర్చుని, మజ్జిగ తాగి, చెల్లెల్ని పంపమని అడిగేవాడు. మొగుడు తిరిగి వస్తే ఆయనకు ఎవరు జవాబు చెప్తారని అవ్వ అడిగేది. అన్న తల వంచుకునేవాడు, మూట అక్కడే వదిలి పోయేవాడు. వీధిలో ముసలివాళ్ళు మా తిన్నె మీదే కూర్చుని, వక్క కొరుకుతూ, మా ఇంటి సంగతే మాట్లాడుకునేవాళ్ళు. ఇన్నేళ్ళకు రానివాడు ఇంకేం వస్తాడు, కర్మ చేసేస్తే ఆ పిల్ల దారి ఆ పిల్ల చూసుకుంటుంది గదా అనేవాళ్ళు. కర్మ చేస్తే గాజులు పగలాలి, బొట్టు పోవాలి. అలా పోయినదానికి పుట్టింట్లో మాత్రం ఏ దారి ఉంటుంది? తీగను కోయకపోతే చిన్నమ్మ చచ్చేదాకా ఎదురుచూసే పెళ్ళాం. కోస్తే విధవ. ఆ రెండూ తప్ప ఆమెకు మూడోది లేదు. ఆ తీగ నాయన మగ్గానికి అడ్డమని మాత్రమే నేను అనుకునేదాన్ని.

సాయంత్రం దీపాల వేళ అవ్వ దొడ్డి మెట్టు మీద కూర్చునేది. ఎలా వెతికేదో, అంత ఆకులోంచి ఒక పండిన పువ్వు కోసుకుని గుప్పిట్లో పెట్టుకునేది. నన్ను పిలిచి, కళ్ళు మూసుకోమని, చిన్నాయనను తలుచుకోమని, ఏం వాసన వస్తోందో చెప్పమనేది. మొదట్లో మామిడిపండు అని నిజం చెప్పేదాన్ని. ఆమె ముఖం వాడిపోయేది. తర్వాత నాకు కిటుకు తెలిసింది. బీడీ అనో, తడి నూలు అనో అంటే ఒక మురుకు దొరికేది. పండు వాసన కాక మనిషి వాసన వస్తే వాడు బతికి ఉన్నట్టే అని అవ్వ లెక్క. నేను మురుకుల కోసం మా చిన్నాయనను చాలా రోజులు బతికించాను.

ఒక సాయంత్రం అవ్వ ఇంకా అడగలేదు. నేను చిన్నాయనను తలుచుకోనూ లేదు, నా మనసంతా మురుకు డబ్బా మీద ఉంది. పువ్వు ముక్కు దగ్గరికి రాగానే బీడీ పొగ వాసన కొట్టింది. దాని వెనకే చెమట, తడిసిన నూలు, రంగు. అబద్ధానికి నేను చెప్పే వాసనలు కావు అవి, ఎవరో పక్కన వచ్చి కూర్చుంటే వచ్చే వాసన. కళ్ళు తెరిచాను. అవ్వ నా వైపు చూడడం లేదు, నా భుజం మీదుగా బావి వైపు చూస్తోంది. నీక్కూడా వచ్చిందా అని మెల్లగా అడిగింది. నేను వెనక్కి తిరిగి చూడకుండా వంటింట్లోకి పరుగెత్తి అమ్మ కొంగు పట్టుకున్నాను. ఆ తర్వాత మురుకు ఇస్తానన్నా ఆ మెట్టు దగ్గరికి పోలేదు.

ఆ ఏడు ఆడికృత్తిక పండగకు సుబ్రహ్మణ్యస్వామికి నాయన కావడి మొక్కు ఉంది. ఇంటిల్లిపాదీ రైలెక్కి తిరుత్తణి పోవాలి. ముందురోజు రాత్రంతా ఇల్లు చింతపండు పులుసు వాసన, పొట్లాలు కట్టిన అరిటాకు వాసన. తెల్లవారితే ప్రయాణమనగా చిన్నమ్మ దూరం కూర్చుంది. అప్పట్లో మా ఇళ్ళల్లో ముట్టయితే ఆడవాళ్ళు తిన్నె పక్కనున్న చిన్న గదిలో వేరుగా ఉండేవాళ్ళు. గుడికి రాకూడదు, వంటిల్లు తొక్కకూడదు. పూలచెట్టు దగ్గరికైతే అసలే పోకూడదు, తాకితే చెట్టు మాడిపోతుందని అందరి నమ్మకం. అమ్మ ఆమెకు పులిహోర పొట్లం, చెంబుతో నీళ్ళు గది గడప దగ్గర పెట్టింది. మేం ఆమెను వదిలి బయలుదేరాం.

పొద్దు వాలకముందే తిరిగి వచ్చేశాం. నా కాళ్ళు నొప్పులు, మెడలో విభూతి చెమటకు కరిగి కారుతోంది. నీళ్ళ కోసం లోపలికి పోతూ మగ్గం గది ముందు ఆగిపోయాను. గదిలో ఎండ ఉంది. నాకు మొదట అర్థం కాలేదు, పైకప్పు కూలిందనుకున్నాను. పడుగు మీద, రాట్నం మీద, గుంటలో, అంతటా పసుపుపచ్చటి సాయంత్రం ఎండ. ఆ గదిలో నేను ఎండ చూసి ఏళ్ళయింది.

అందరూ దొడ్లోకి వచ్చారు. కిటికీ నుంచి బావి దాకా, బావి వెనక తలుపు దాకా తీగంతా కోసి ఉంది. పందిరి వెదుళ్ళు బయటపడ్డాయి. కోసిన కొమ్మలు గోడవారన కుప్పగా పేర్చి ఉన్నాయి. ఏళ్ళ తరబడి కనిపించని దొడ్డి తలుపు కనిపిస్తోంది, గొళ్ళెం లోపలి వైపు వేసే ఉంది. ఎదురింటి ముసలమ్మను అడిగితే, పొద్దంతా తిన్నె మీదే ఉన్నానని, మీ ఇంట్లోకి మనిషి పురుగు పోలేదని చెప్పింది. కోసిన తీగ పచ్చి వాసన గొంతుకు అడ్డం పడుతోంది. మా వీధిలో మగ్గాలు ఆ రోజు పండగకు ఆపేశారు కాబట్టి ఎక్కడా చప్పుడు లేదు.

అవ్వ ఒక్కొక్క కోత దగ్గరికీ పోయి చూసింది. అన్నీ ఏటవాలు కోతలు. కణుపుకు పైన వేలెడు వదిలి కోసినవి. లావు కొమ్మల మీద పేడ. బావి దగ్గర ఒక కొమ్మ మీది పేడను తాకితే తడిగా వేలికి అంటింది. ఆమె ఏడవలేదు. ఆ వేలిని చీర చెంగుకు తుడుచుకోకుండా అలాగే పట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

"వాడే" అంది. "నా బిడ్డ వచ్చినాడు."

నాయన వీధి వైపు, చిన్నమ్మ ఉన్న గది వైపు చూశాడు. ఆ చూపు అవ్వ కనిపెట్టింది. ముట్టు మనిషి చెయ్యి పడితే ఈ తీగ వారం తిరక్కుండా మాడిపోతుందని, అప్పటిదాకా ఎవరూ ఎవర్నీ ఒక మాట అనొద్దని చెప్పింది. నాయనకు అది సబబుగానే తోచింది. అమ్మకూ తోచింది. ఆ నమ్మకం లేని మనిషి ఆ వీధిలోనే లేడు. ఆ రోజు నుంచి పొద్దున లేవగానే ఇంటిల్లిపాదీ మొహం కూడా కడక్కుండా దొడ్లోకి పోయి ఆకు చూసేవాళ్ళం. చిన్నమ్మ స్నానం చేసి ఇంట్లోకి వచ్చాక కూడా దొడ్డి వైపు రాలేదు. కిటికీలోంచి ఎండ పడుతుంటే ఆ ఎండకు వీపు పెట్టుకుని కండెలు చుట్టేది.

వానలు పడ్డాయి. తీగ మాడలేదు. కోసిన ప్రతి కణుపు దగ్గరా లేత చిగురు పెట్టింది, నాయన గది లోపలి నుంచే అవ్వను పిలిచి చూపించాడు. ఆ సాయంత్రం అవ్వ తలకు నూనె రాసుకుని, దువ్వుకుని, చిన్నమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. నేను స్తంభం చాటున ఉన్నాను.

"వాడు వచ్చినాడు. ఇల్లు సూసుకున్నాడు, తీగ సూసుకున్నాడు. తిన్నె కాడ నువ్వు ఉండావని తెలిసీ నిన్ను పిలవకుండా పొయ్యినాడు. పిలవని మొగుడి కోసరం నువ్వెందుకు ఈడ కూర్చోవాల? మీ అన్నకు కబురు పంపిస్తా, పో."

చిన్నమ్మ అవ్వ కాళ్ళు పట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను, కానీ ఏడుపు చప్పుడు రాలేదు. భుజాలు మాత్రం వణుకుతున్నాయి. పూతలపట్టు నుంచి అన్న వచ్చిన రోజున నాయన తన మగ్గం మీద నేసిన చీర పెట్టారు. అవ్వ తన చేత్తోనే బొట్టు పెట్టి, కొత్త గాజులు తొడిగింది. విధవగా కాకుండా, మొగుడు వదిలేసిన పిల్లగా కూడా కాకుండా, ఆడపడుచును సాగనంపినట్టే పంపింది. సందు మలుపు తిరిగేదాకా చిన్నమ్మ వెనక్కి చూస్తుందేమోనని నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను. ఆమె చూడలేదు.

ఆమెకు అక్కడ మళ్ళీ పెళ్ళి జరిగింది, పిల్లలు పుట్టారు. మా ఇంటి గడప మాత్రం మళ్ళీ తొక్కలేదు. అవ్వ పోయినప్పుడు కబురు పంపినా రాలేదు. కూతురిలా పంపించిన మనిషి చస్తే చూడడానికి రాలేదే, ఎంత గుండె రాయి అని వీధి వీధంతా ఆడిపోసుకుంది. నేనూ కోపం తెచ్చుకున్నాను.

నా పెళ్ళి కుదిరాక ఒకరోజు నాకు తలంటుతూ అమ్మ ఒక సంగతి చెప్పింది. తిరుత్తణి నుంచి వచ్చిన రోజు చిన్నమ్మ రెండు చేతుల మీదా మోచేతుల దాకా గీతలు ఉన్నాయట. పిల్లి గీరిందని చెప్పిందట. మనోరంజితం కొక్కేలు ఎలా గీస్తాయో అమ్మకు తెలియదా? మూడు రోజులూ అమ్మే ఎవరూ చూడకుండా, ఆ గీతలకు రాసుకోమని, గది గడప దగ్గర పసుపు పెట్టి వచ్చిందట. ఆ పిల్లకు ముట్టూ లేదు గిట్టూ లేదు, అంతా తనే చేసింది, నువ్వు మాత్రం నోరు జారొద్దు అని నా చేత ఒట్టు వేయించుకుంది. నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. కోపం పోయింది, చిన్నప్పటి భయం కూడా పోయింది. అవ్వకు కొడుకు చావకుండా, తాను విధవ కాకుండా, ఒక్క కొడవలితో దారి చేసుకున్న చిన్నమ్మను తలుచుకుంటే గర్వంగా ఉండేది. ఆ ధైర్యంతోనే ఇన్నేళ్ళూ బతికాను. ఈలోపు నాయన పోయాడు, అమ్మ పోయింది. ఇల్లు కొన్నవాళ్ళు తీగను వేళ్ళతో పెకలించి అక్కడ కరెంటు మగ్గాల షెడ్డు వేశారు.

పోయినేడు ఒక పెళ్ళికి చిత్తూరు పోతూ పూతలపట్టు కూడలిలో కారు ఆపాం. చిన్నమ్మ వాళ్ళ టిఫిను కొట్టు అక్కడే ఉందని ఎప్పుడో విన్నాను. మా ఆయన కారుకు గాలి పట్టించడానికి పోయాడు, నేను దారి అడుగుతూ కొట్టు దాకా పోయాను. కొడుకు దోసెలు పోస్తున్నాడు. లోపల బల్ల మీద తెల్లజుట్టు ముసలామె కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. నన్ను చూసి, ఎవరని అడక్కుండా, అవ్వ నుదురు నీకొచ్చింది మే అంది. కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టించింది. అమ్మ ఎప్పుడు పోయింది, నాయన ఎలా పోయాడు, అన్నీ అడిగింది. మాటల్లో పడి, ఒట్టు వేయించుకున్న మనిషే లేదు గదా అని, అమ్మ చెప్పిన సంగతి నవ్వుతూ బయటపెట్టేశాను. నువ్వు గట్టిదానివి చిన్నమ్మా, తీగంతా ఒక్క పూటలో కోసేశావు అన్నాను.

ఆమె చింతపండు పళ్ళెం పక్కన పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది.

"కిటికీ పక్కది నేనే కోసినా. పందిరి నడిమి దాకా పోతిని. అప్పుడు బావి పక్క నుంచి కోస్తా ఉండే సప్పుడు వినపడింది. నేనొక కోత కోస్తే ఆడొక కోత. గోడకు తగిలి నా సప్పుడే మళ్ళా వస్తా ఉండాదేమో అనుకొని, ఆపినాను." ఒక్క క్షణం కొడుకు వైపు చూసి, గొంతు తగ్గించింది. "ఆ పక్క ఆగలే, అమ్మణ్ణీ."

ఇంట్లో ఉన్నది ఒకటే కొడవలి అని, అది ఆ క్షణంలో తన చేతిలోనే ఉందని ఆమె చెప్పింది. దాన్ని చూరులో దోపి, గదిలోకి పోయి తలుపు మూసుకుని కూర్చుందట. మేం వీధి చివర కనిపించేదాకా ఆ చప్పుడు నిదానంగా, తొందర లేకుండా, వస్తూనే ఉందట.

"పేరు పెట్టి పిలవలేదా చిన్నమ్మా?" అన్నాను.

"పిలిస్తే పలుకుతాడని తెలుసు. పలికుంటే నేను ఈడ ఉందునా?" ఏదో చాలా మామూలు సంగతిలా అంది. "నన్ను పొమ్మన్నది మీ అవ్వ కాదు మే."

బయట మా ఆయన హారను కొట్టాడు. చిన్నమ్మ నాకొక పొట్లం కట్టిచ్చింది, మళ్ళీ రమ్మని చెప్పింది. చిత్తూరు దాకా నా మనసులో అవ్వే ఉంది. బతికిన నాలుగు నాళ్ళూ ఆమె రోజుకొకసారైనా, వాడు వచ్చి పోయినాడు అని అనేది. మేం అవునవ్వా, అవునవ్వా అనేవాళ్ళం, పసిపిల్లలకు చెప్పినట్టు. అని, ఆమె వెనక ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం. ఆమె పక్కన కూర్చుని, ఆ చెయ్యి పట్టుకుని, అవునని నిజంగా చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కతే ఉండింది. ఆ ఒక్కతే మళ్ళీ మా గడప తొక్కలేదు.